గుడ్డపీలిక కట్టిన బెండకాయలు

మొన్న నరసరావుపేట కూరగాయల మార్కెట్లో బెండకాయలు ఏరుతుంటే కొట్టతను నన్ను కసిరాడు. ప్రతి కాయ కొసా విరిచి చూస్తున్నానట. కొస విరవకుండా బెండకాయలు కొనే మనిషి ఈ చుట్టుపక్కల ఎవరున్నారో చూపించమన్నాను. అతనికి నవ్వు రాలేదు. నా చేతిలో ఉన్న కాయ ఎంత వంచినా విరక్కపోయేసరికి, దాన్ని లాక్కుని గంప పక్కన పడేసి, ముదురుది పొరపాటున కలిసిందన్నాడు. నేను వంగి ఆ కాయనే తీసుకుని సంచిలో వేసుకున్నాను. అతను చూసిన చూపుని బట్టి నాకు మతి చలించిందనుకున్నాడని అర్థమైంది. అనుకుంటే అనుకోనీ అని, పావుకిలో లేతకాయలు కూడా తూయించుకుని ఇంటికొచ్చాను. నేనొక్కదాన్నే కాబట్టి పావుకిలో రెండు పూటలకి వస్తుంది.

ఆ ముదురుకాయ ఇప్పుడు మా వంటింటి కిటికీలో ఎండుతోంది. పచ్చదనం పోయి గీతల వెంబడి తెల్లబడుతోంది. పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడల్లా కళ్ళు దాని మీదికే పోతున్నాయి. నేను మూడో తరగతి చదివిన ఊరూ, అక్కడ నాపరాళ్ళ గోడ ఉన్న ఒక పెరడూ, ఆ పెరట్లో గడిపిన ఒక వానాకాలమూ అదేపనిగా గుర్తొస్తున్నాయి.

ఆ ఊరు బొల్లాపల్లి దాటి ఇంకా లోపలికి ఉండేది. మెట్ట ఊరు. వాన పడితే పంట, లేకపోతే లేదు. ఇంటింటికీ నిలువెత్తు నాపరాళ్ళు పాతి గోడలుగా పెట్టుకునేవాళ్ళు. ఎండాకాలం పొద్దుగూకాక కూడా ఆ రాళ్ళకి ఆనుకుంటే వీపు చురుక్కుమనేది. వీధి చివర ఒక బోరింగు ఉండేది, దాని పిడి కొట్టే చప్పుడుతోనే ఊరు నిద్ర లేచేది. ఎర్రబస్సు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి, తిరుక్కుని వెళ్ళిపోయేది. అది వెళ్ళాక దుమ్ము సర్దుకునేదాకా ఎదుటి మనిషి కనబడేవాడు కాదు.

మా నాయన మాచర్ల వైపు నాపరాయి క్వారీలో పని చేసేవాడు. క్వారీ పక్కనే మా ఇల్లు. ఆ ఏడు ఎండాకాలం అమ్మకి దగ్గు పట్టుకుంది. ఎన్ని కషాయాలు తాగినా తగ్గలేదు. గుంటూరు తీసుకెళితే టీబీ అన్నారు. నెలల తరబడి ఆసుపత్రిలో ఉంచాలనీ, పిల్లని దగ్గరికి రానివ్వకూడదనీ చెప్పారు. మా అమ్మమ్మ అప్పటికే లేదు. ఆమె చెల్లెలు, నాకు చిన్నమ్మమ్మ, ఆ మెట్ట ఊళ్ళో ఒక్కతే ఉండేది. నాయన నన్నూ, నా బట్టలున్న రేకుపెట్టెనూ తీసుకెళ్ళి ఆమె వాకిట్లో దించాడు. అంతకుముందు ఆమె నన్ను బారసాల రోజున ఎత్తుకుందట. ఆ పరిచయం నాకేం పనికొస్తుంది.

మేం వెళ్ళేసరికి చిన్నమ్మమ్మ అరుగు మీద కూర్చుని చేటలో బెండగింజలు చెరుగుతోంది. నిరుటి కాయల్లోవి, బూడిదలో కలిపి సొరబుర్రలో దాచిపెట్టినవి. నాయన ఇంక పోతానని లేవగానే నేను ఆయన పంచె పట్టుకుని ఏడుపు లంకించుకున్నాను. అమ్మ ఎప్పుడొస్తుందో చెబితేగాని వదలనన్నాను. ఆయనకి మాత్రం ఏం తెలుసు పాపం. బస్సు వెళ్ళిపోతుందని ఒకపక్క కంగారు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చుట్టూ చూశాడు.

"ఈ గింజలు మొలిచి కాపుకొచ్చేసరికి మీ అమ్మని తీసుకొస్తాలే" అన్నాడు.

కళ్ళకి చేట కనబడింది కాబట్టి ఆ మాటన్నాడు. రోలు కనబడి ఉంటే ఏమనేవాడో అని తర్వాత నేను చాలాసార్లు అనుకున్నాను. కానీ ఆ వయసులో మాటంటే మాటే. నేను పంచె వదిలేశాను. చిన్నమ్మమ్మ చెరగడం ఆపి నాయన వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. ఏమీ అనకుండా మళ్ళీ చెరుక్కోవడం మొదలుపెట్టింది.

ఏమీ అనకపోవడం ఆమెకి అలవాటు. పెళ్ళయిన కొన్నేళ్ళకే మొగుడు పోయాడు. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక బర్రె, రెండు గదుల ఇల్లు, ఆ పెరడు. అన్నేళ్ళు ఒక్కతే ఉండి ఉండి, ఇంట్లో ఇంకో మనిషితో ఎలా మాట్లాడాలో మర్చిపోయినట్టుంది. బర్రెతో మాత్రం బాగానే మాట్లాడేది. నాతో చెప్పాల్సినవి కూడా బర్రెకే చెప్పేది. "ఈ పిల్ల తల చూడు ఎట్టా ఉందో" అని దానికి చెప్పి నాకు జడ వేసేది. ఎంత బిగించి లాగేదంటే కనుబొమలు పైకి లేచి, ఆ రోజంతా నేను ఆశ్చర్యపోతున్నట్టు కనబడేదాన్ని.

మొదట్లో ఆమెకి ఇద్దరికి వండటం చేతకాలేదు. చేతి అలవాటు కొద్దీ ఒక మనిషికి చాలినన్ని బియ్యమే ఎసట్లో పోసేది. అన్నం దించాక నేను గుర్తొచ్చేదాన్ని. ఉన్నది నాకు పెట్టేసి, తను మజ్జిగలో జొన్నరొట్టె తుంచుకుని తినేది. నాకు ఆకలి కాబట్టి నేను పెట్టిందంతా తినేదాన్ని. కొన్నాళ్ళకి ఆ చెయ్యి ఇద్దరికి అలవాటు పడింది.

బళ్ళో మాత్రం నాకు అలవాటు కాలేదు. అమ్మ సంగతి ఎవరు చెప్పారోగాని, నేను చేరిన కొద్దిరోజులకే అందరికీ తెలిసింది. నా పక్కన కూర్చునే పిల్ల ఒకరోజు పలకా సంచీ తీసుకుని అవతలి వరసకి జరిగింది. తర్వాత ముందున్న పిల్లా జరిగింది. మంచినీళ్ళ కుండ దగ్గర నా వంతు అందరి తర్వాత. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. నేను వస్తుంటే జరిగేవాళ్ళు, అంతే. ఆ జరగడం నాకు దెబ్బకన్నా ఎక్కువ బాధగా ఉండేది. ఇంట్లో చెప్పుకుందామంటే ఆమె బర్రెతో తప్ప మాట్లాడదు. సాయంత్రం బస్సు టైముకి బోరింగు దగ్గరికి పోయి నిలబడేదాన్ని. దిగేవాళ్ళు దిగిపోయేవాళ్ళు, దుమ్ము సర్దుకునేది, నేను ఇంటికొచ్చేదాన్ని.

గింజలు ఎప్పుడేస్తావని చిన్నమ్మమ్మని రోజూ వేధించాను. వాన పడాలి గదా అని రోజూ ఒకటే జవాబు. మృగశిర కార్తె వచ్చాక ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన మొదలైంది. కాలి ఉన్న నాపరాళ్ళ మీద మొదటి చినుకులు పడగానే ఆవిరి లేచింది. తడిమట్టి వాసనతోపాటు సున్నం తడిసినప్పుడొచ్చే ఘాటు వాసన కూడా వచ్చింది. పల్నాటి వాన వాసన అదేనని నా నమ్మకం, మరెక్కడా నాకది దొరకలేదు. నేను తడుస్తూ పెరట్లోకి పరిగెత్తి, వాన పడింది, ఇంక గింజలెయ్యి అన్నాను. ఆ పూట ఆమె గింజల్ని తడిగుడ్డలో మూటగట్టి నీళ్ళకుండ కింద పెట్టింది. బెండగింజకి పొట్టు గట్టి, నానకపోతే మొలక రాదు.

మర్నాడు పొద్దున్నే ఆమె గడ్డపారతో మట్టి గుల్ల చేస్తే, నేను గింజలు వేశాను. వేలి కణుపు లోతున గుంట, గుంటకి రెండు గింజలు. రెండెందుకని అడిగాను.

"ఒక్కటే ఏస్తే భయపడిద్ది. మట్టిలో చీకటి గదా" అంది.

బర్రెకి కాకుండా నేరుగా నాతో అన్న మొదటి మాటల్లో అదొకటి. నాకు చాలా న్యాయంగా తోచింది. కోళ్ళు కెలక్కుండా పైన తుమ్మకంప పరిచింది. ఆ మడి పక్కనే ఒక నాపబండ వేసి నా స్నానం దాని మీదికి మార్చింది. బోరింగు నుంచి మోసుకొచ్చిన నీళ్ళు ముందు నా ఒంటి మీదా, అక్కణ్ణుంచి మొక్కల్లోకీ పోవాలి. సబ్బునీళ్ళు మొక్కలకి పడవని నేనే ఒక శాస్త్రం కనిపెట్టి, ఆ వానాకాలమంతా సబ్బు తప్పించుకున్నాను. బళ్ళో పిల్లలు నాకు దూరంగా జరిగింది అందుకేనేమో అని ఇప్పుడొక అనుమానం.

మొలకలు మెడ వంచుకుని, నెత్తిన గింజ పొట్టు టోపీలా పెట్టుకుని పైకొచ్చాయి. అవి జానెడు ఎదగకముందే చిన్నమ్మమ్మ ప్రతి గుంటలోనూ బలహీనంగా ఉన్న మొక్కని పీకెయ్యడం మొదలుపెట్టింది. నేను చెయ్యి పట్టుకున్నాను. తోడుండాలని రెండేశావు గదా, మళ్ళీ పీకుతావేమిటన్నాను.

"పైకొచ్చిందాకే తోడు. ఇప్పుడు దానికి వెలుతురుంది, ఇంకేం భయం" అంది.

పీకిన మొక్కల్ని బర్రె ఇష్టంగా తింది. నేను ఆ పూట అన్నం మానేశాను. ఆమె బతిమాలలేదు. పల్లెం మీద మూత పెట్టి ఊరుకుంది. సాయంత్రం ఆకలి తట్టుకోలేక నేనే మూత తీసుకున్నాను.

బడి నుంచి రాగానే సంచీ విసిరేసి మొక్కల దగ్గర కూర్చునేదాన్ని. చెప్పుకోవడానికి నాకూ ఒక బర్రె దొరికినట్టయింది. ఎవరు జరిగారో, పంతులు ఏం అడిగితే నేనేం చెప్పలేకపోయానో అంతా వాటికి చెప్పేదాన్ని. ఆకుల కింద పేనుబంక పడితే మంచుతడి ఆరకముందే బూడిద చల్లాం. ఆకుల నూగు చేతులకి అంటి దురద పెడితే చిన్నమ్మమ్మ ఆముదం రాసేది. ఆముదం వాసన ఇప్పుడెక్కడ తగిలినా నాకు చేతులు దురద పెడతాయి.

శ్రావణమాసంలో మొదటి పువ్వు పూసింది. లేతపసుపు రేకులు, లోపల ముదురు ఎరుపు. మధ్యాహ్నానికి ముడుచుకుపోయే పువ్వు. అది రాలిన చోట కొద్దిరోజుల్లోనే చిటికెనవేలంత కాయ నిలబడింది. నేను ఆ సాయంత్రం తల దువ్వించుకుని, ఉతికిన గౌను వేసుకుని బస్సు దగ్గరికి పోయాను. కాపుకొచ్చేసింది కదా. బస్సు వచ్చింది, వెళ్ళింది. మరుసటిరోజూ అంతే. ఇంకా కాయలు చిన్నవి, అందుకే రాలేదని సర్దిచెప్పుకున్నాను.

ఒక పొద్దున చిన్నమ్మమ్మ చేట పట్టుకుని కాయలు కొయ్యడానికి వచ్చింది. నేను అడ్డంగా నిలబడ్డాను. కోసేస్తే కాపు అయిపోతుంది, కాపు అయిపోతే అమ్మ ఎట్లా వస్తుంది. నాకు తెలిసిన లెక్క అదే. నాయన అన్న మాట చెట్టుమీదున్న కాయల్లో ఉంది, కాయలు చెట్టునున్నంతకాలం ఆ మాట కూడా ఉంటుంది. ఇదంతా ఆమెకి చెప్పానో, ఏడిచానో గుర్తులేదు. ఏడిచే ఉంటాను.

"రోజు మార్చి రోజు కొయ్యకపోతే బెండ కాపు ఆపేసిద్ది. తెలుసా?" అంది.

నేను జరగలేదు. ఆమె చేట కింద పెట్టింది. తర్వాత లోపలికి వెళ్ళి, వెలిసిపోయిన తన నీలిరంగు నేతచీర ఒకటి తెచ్చి, అరుగు మీద కూర్చుని పీలికలుగా చింపింది. మా వైపు విత్తనానికి వదిలిన కాయకి గుడ్డపీలిక కడతారు. పీలిక ఉన్న కాయ మీద ఇంట్లోవాళ్ళుగానీ బయటివాళ్ళుగానీ చెయ్యి వెయ్యరు. మామూలుగా మడి మొత్తానికి ఒకటో రెండో కాయలకి కడతారు. ఆ పొద్దున మేమిద్దరం ఉన్న ప్రతి కాయకీ కట్టాం. ఆమె కడుతుంటే నేను పీలికలందించాను. అమ్మ ఆసుపత్రికి పోయినప్పటి నుంచి నా గుండెలో ఉన్న బరువు ఆ రోజు కొంచెం దిగింది.

ఎదురింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. ఆమెకి నోరు మూస్తే ఊపిరాడదు. ఆ రోజే మా పెరట్లోకొచ్చి, చెట్లన్నిటికీ ఈ గుడ్డలేందని అడిగింది.

"విత్తనానికి" అంది చిన్నమ్మమ్మ.

"అన్నీనా? ఊరందరికీ విత్తనాలు పంచుతావా ఏంది?"

చిన్నమ్మమ్మ బర్రెకి నీళ్ళు పెట్టడానికి పోయింది. ఎదురింటి పెద్దమ్మ ఆ కబురు బోరింగు దగ్గర రెండుమూడు రోజులు నడిపింది. మా పెరట్లో కాయలు పీలికలు కట్టుకుని ముదురుతుంటే, మేం ఆమె ఇంటి నుంచే లేతకాయలు తెచ్చుకుని వండుకునేవాళ్ళం. ఆమె కొంగులో పోసి ఇస్తూ ఏదో ఒక ఎత్తిపొడుపు మాట అనకుండా ఇచ్చేది కాదు. చిన్నమ్మమ్మ ఆ మాటలన్నీ పడి కాయలు తెచ్చేది. ఎండురొయ్యలు వేయించి వేసి బెండకాయ కూర, లేదంటే బెల్లం ముక్క వేసి పులుసు. పులుసు మా అమ్మకి చాలా ఇష్టం.

అట్లా ఒకరోజు ఆమె కాయలు తరుగుతుంటే నేను ముచ్చికలు ఏరుకుని చెవులకి కమ్మల్లా అంటించుకున్నాను. జిగురుకి అవి గట్టిగానే పట్టాయి. ఇంకొకటి తీసి, ఆమె వద్దనేలోపు ఆమె నుదుటి మీద అంటించాను. మొగుడు పోయినప్పటి నుంచి బొట్టు లేని నుదురు. ఆమె చెయ్యి కత్తిపీట మీద ఆగిపోయింది. కొడుతుందేమోనని నేను వెనక్కి జరిగాను. ఆమె నన్ను చూసి, నా చెవుల కమ్మలు చూసి, నవ్వింది. నేనక్కడున్నన్నాళ్ళలో ఆమె పళ్ళు కనబడేట్టు నవ్వింది ఆ ఒక్కసారే. వీధిలో ఎదురింటి పెద్దమ్మ గొంతు వినబడగానే గబుక్కున ముచ్చిక తీసేసి, కొంగుతో నుదురు తుడుచుకుంది.

వినాయక చవితికి నాయన వచ్చాడు. నేను బోరింగు దగ్గరే ఉన్నాను. ఆయన బస్సు దిగాడు. ఆయన వెనక దిగబోయే మనిషి కోసం చూస్తూ నిలబడ్డాను. బస్సు కదిలింది, దుమ్ము లేచింది. దుమ్ము సర్దుకున్నాక కూడా అక్కడ ఆయనొక్కడే ఉన్నాడు. చేతిలో నాకోసం తెచ్చిన కారప్పూస పొట్లం ఉంది. నేను దాన్ని తీసుకోలేదు.

ఇంటికెళ్ళాక ఆయన పెరట్లోకొచ్చి, ముదిరి వంకర్లు తిరిగిన కాయల్నీ, వాటి నీలం పీలికల్నీ చూశాడు. ఇదేమిటని చిన్నమ్మమ్మని అడిగాడు. ఆమె చెప్పింది. చెప్పి, "పిల్లకి మాటిచ్చేటప్పుడు చూసుకోవాలి అల్లుడూ" అంది. నాయన నాపబండ మీద కూర్చుండిపోయాడు. అమ్మకి నయమవుతోందనీ, ఇంకా కొన్నాళ్ళు పడుతుందనీ నాతో చెప్పాడు. నేను నమ్మలేదు. చేట చూసి ఒక మాటన్న మనిషి దేన్ని చూసి ఈ మాటన్నాడో అనుకున్నాను.

ఆయన వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం, చిన్నమ్మమ్మ బర్రె కింద పేడ తీస్తుంటే వెళ్ళి అడిగాను.

"మా అమ్మ చచ్చిపోయిందా?"

ఆమె పేడచేత్తోనే నిలబడి నా మొహంలోకి చూసింది. దగ్గరికి తీసుకోవడం, బుజ్జగించడం ఆమెకి చేతకాదు.

"చచ్చిపోతే మీ నాయనకి గుండుండేది. నెత్తిన జుట్టు చూడలా? ఏడవమాక, పో."

నాకు అన్నదమ్ములు లేరు. అమ్మకి ఏదన్నా అయితే కర్మ నాయనే చెయ్యాలి. నేను ఆలోచించి చూశాను. ఆయన నెత్తిన ఒత్తుగా, నూనె లేకుండా రేగిన జుట్టు స్పష్టంగా గుర్తొచ్చింది. అప్పటిదాకా ఎవరెన్ని ఊరడింపు మాటలు చెప్పినా ఆగని భయం ఆ మాటకి ఆగింది. ఆ పూట నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

ఆమె చెప్పినట్టే చెట్లు కాపు ఆపేశాయి. కొత్త పువ్వు లేదు. ఆకులు పండి రాలాయి, కాయలు ఎండి పగిలాయి. గాలి వీస్తే గింజలు గలగలమనేవి. నేను బస్సు దగ్గరికి పోవడం తగ్గించాను. సాయంత్రాలు చిన్నమ్మమ్మ పక్కన అరుగు మీద కూర్చునేదాన్ని. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. మాట్లాడకుండా ఒక మనిషి పక్కన కూర్చోవచ్చని నేను అక్కడే నేర్చుకున్నాను.

కార్తీకంలో చలిగాలి మొదలయ్యాక ఒక సాయంత్రం వాకిట్లో నాయన గొంతు వినబడింది. ఆయన పక్కన చిన్న మొహంతో, వదులుగా వేలాడే చీరతో ఎవరో ఉన్నారు. అమ్మ అని తెలుస్తూనే ఉంది. కానీ నేను వెళ్ళి చిన్నమ్మమ్మ వెనక నిలబడి ఆమె కొంగు పట్టుకున్నాను. అమ్మ పిలిచింది. నేను కదల్లేదు. ఎన్నాళ్ళో ఎదురుచూసిన మనిషి నిజంగా వస్తే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

"పో. ఇన్నాళ్ళు ఎవురి కోసం ఏడిచావు" అని చిన్నమ్మమ్మ నా వేళ్ళు విడదీసి ముందుకి తోసింది.

నేను అమ్మ చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళాను. ఎండు బెండచెట్లు చూపించాను. ఇవన్నీ విత్తనాలకా అని అమ్మ అడిగింది. నీకే అన్నాను. అమ్మ ఒక కాయ పట్టుకుని చూసింది. దాని పీలిక ఊడి చేతిలోకొచ్చింది. దాన్ని మళ్ళీ జాగ్రత్తగా కాయకి ముడేసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. లోపల చిన్నమ్మమ్మ ఎదురింట్లో అడిగి తెచ్చిన కాయలతో పులుసు పెట్టింది. అందరం తిన్నాం. బెల్లం కాస్త ఎక్కువైందని అమ్మ అంది, అంటూనే రెండోసారి పోయించుకుంది.

మర్నాడు పొద్దున బస్సుకే వెళ్ళిపోయాం. పొట్టిదైపోయిన నా పూలగౌను ఒకటి దండెం మీదే మర్చిపోయాం. చిన్నమ్మమ్మ గుప్పెడు బెండగింజలు గుడ్డలో ముడేసి నా చేతిలో పెట్టి, బోరింగు దాకా వచ్చింది. బస్సు మెట్టు మీద నేను నిలబడి ఉండగా ఒక మాటంది.

"మళ్ళీ ఏడు కూడా ఏస్తా. కాపుకొచ్చేసరికి రా."

"వస్తా" అన్నాను.

నాయన చేట చూసి అన్నట్టు కాదు. నేను నిజంగానే అన్నాను.

మరుసటేడు క్వారీ పక్కన మా ఇంటి ముందు, రాతిపొడి కలిసిన ఆ మట్టిలోనే గింజలు వేశాను. గుంటకి రెండు వేసి, ఎందుకో అమ్మకి వివరించాను. కాపు మొదలయ్యాక రోజు మార్చి రోజు కోశాను. ఒక్క కాయ కూడా ముదరనివ్వలేదు. చిన్నమ్మమ్మ దగ్గరికి ఎప్పుడు పోదామని అడుగుతూనే ఉన్నాను. అమ్మకి ఇంకా నీరసం, రెండు బస్సులు మారి అంతదూరం కూర్చోలేదు. నాయనకి క్వారీలో తీరిక లేదు. వచ్చే నెల అన్నారు, వానలు తగ్గాక అన్నారు. నేనూ అడగడం తగ్గించాను. పక్కన అమ్మ ఉంది, బళ్ళో నా పక్కన కూర్చునే పిల్లలున్నారు. ఒంటరితనం పోయిన పిల్లకి అది ఎట్లా ఉండేదో ఎన్నాళ్ళు గుర్తుంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. తప్పు లేకపోతే బాధ ఉండదని మాత్రం ఎవరూ అనలేరు.

ఆ చలికాలంలో చిన్నమ్మమ్మ పోయిందని కబురొచ్చింది. బర్రెకి మేత వేసి వచ్చి, అరుగు మీద కూర్చుని, అట్లాగే ఒరిగిపోయిందట. మాకు కబురు అంది మేం వెళ్ళేసరికి అంతా అయిపోయింది. బర్రెని ఎదురింటి పెద్దమ్మ తన కొట్టంలో కట్టేసుకుంది. ఇల్లు ఖాళీగా ఉంది. పెద్దవాళ్ళు అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే నేను పెరట్లోకి వెళ్ళాను.

బెండచెట్లు ఆకులన్నీ రాలి పుల్లలుగా నిలబడి ఉన్నాయి. ఒక్క కాయ కూడా కొయ్యలేదు. అన్నీ ఎండి, పగిలి, గింజలు కనబడుతున్నాయి. ప్రతి కాయకీ ఒక పీలిక కట్టి ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే, ఆ పీలికల మీద చిన్నచిన్న ఎర్రపూలు. దండెం మీద మర్చిపోయిన నా గౌను.

ఎదురింటి పెద్దమ్మ నా వెనకే వచ్చి నిలబడింది. ఆమె గొంతు ఎప్పట్లా లేదు.

"చెట్లు ఆగిపోతన్నయ్యే, కోసుకోవే అని చానాసార్లు చెప్పా. విత్తనానికి అన్నది. ఇంకేం మాట్లాళ్ళా."

రోజు మార్చి రోజు కొయ్యాలని నాకు నేర్పింది ఆమే. నేను ఆమె నేర్పినట్టు చేశాను. ఆమె నేను చేసినట్టు చేసింది. ఆ సంగతి నాకు అక్కడే, ఆ చెట్ల మధ్యే అర్థమైంది. అమ్మ కోసం కూడా అంత ఏడవలేదు నేను. కాయలన్నీ నా ఒళ్ళోకి కోసుకున్నాను. పీలికలు విప్పలేదు.

ఆ గింజలు చాలా ఏళ్ళు మా ఇళ్ళల్లో మొలిచాయి. ఊళ్ళు మారాం, ఇళ్ళు మారాయి, మట్టి లేని ఇళ్ళకొచ్చాం. ఎక్కడో ఒక మార్పులో ఆ గింజలు పోయాయి. ఇప్పుడు నేనుండేది మేడమీద వాటా. బాల్కనీలో పగుళ్ళిచ్చిన కుండీ ఒకటి ఉంది, నిరుడు తులసి ఎండిపోయినప్పటి నుంచి ఖాళీగానే ఉంది.

కిటికీలో కాయ ఎండి ఊపితే చప్పుడొచ్చేదాకా ఆగుతాను. వాన పడగానే రెండు గింజలు వేస్తాను. ఒక్కటే వేస్తే భయపడుతుంది. కాపుకొస్తే రోజు మార్చి రోజు కోసుకుంటాను, ఒక కాయ మాత్రం కొయ్యను. దానికొక గుడ్డపీలిక కడతాను. అడిగేవాళ్ళెవరూ లేరుగాని, ఎవరైనా అడిగితే విత్తనానికి అని చెబుతాను.